ఐలేశం గొంగడి

గుర్వమ్మకు అనుమానం రావడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. పాలు విరిగితే పాలు పోసినవాడి మీద అనుమానం. కోడి గుడ్డు పెట్టకపోతే పక్కింటి పిల్లి మీద అనుమానం. వాన పడుతుందని టీవీలో చెప్పి, అది పడకపోతే, చెప్పిన పిల్ల మీద కూడా అనుమానమే. దేవరకొండ నుంచి నందికొండ పోయే తోవలో రోడ్డు దిగితే వచ్చే ఆ చిన్న ఊళ్లో, ఆమె అనుమానాలు చెప్పుకుని నవ్వుకోని ఇల్లు లేదు. మనుమడి సంగతిలో మాత్రం ఎవరూ నవ్వలేదు. రెండున్నరేళ్ల కింద మొదటి మనుమడు పుట్టి, పదిహేనో రోజున ఒళ్లంతా పచ్చబడి, దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే కన్నుమూశాడు. అలాంటి ఇంట్లో మనిషి ఎవరిని అనుమానించినా ఊరు ఏమీ అనదు.

ఆమె అనుమానించింది యారాలు నర్సింగమ్మను, అంటే సొంత మరిది పెండ్లాన్ని. దానికి ఆమె దగ్గర సాక్ష్యాలున్నాయి. అన్నదమ్ములు గొర్రెల మందను పంచుకున్నప్పుడు ముందు నడిచే గంట పొట్టేలు నర్సింగమ్మ వాటాకు పోయింది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే, తెలంగాణ వచ్చిన సంవత్సరం, గుర్వమ్మ భర్త ఐలేశం గుండె ఆగి పోయాడు. మొదటి మనుమడికి పదకొండో రోజు పురుడు స్నానం చేయించిన నాడు నర్సింగమ్మ వాడిని ఒళ్లో వేసుకుని, "బంగారు ముద్ద లెక్కున్నడు" అంది. నాలుగు రోజులకు పిల్లవాడు నిజంగానే ఆ రంగుకు తిరిగాడు. ఇంకేం కావాలి? పోలీసులు ఇంతకన్నా తక్కువ ఆధారంతో మనుషులను లోపల వేస్తారు.

ఇప్పుడు కోడలు పుష్పకు రెండో కొడుకు పుట్టాడు. పుట్టిన గంట నుంచి గుర్వమ్మ గడప దగ్గరే కూర్చుంది. వచ్చినవాళ్లను కాళ్లు కడుక్కోమంది, పిల్లవాడిని పొగడొద్దంది, ఎత్తుకుంటామంటే నిద్రపోతున్నాడంది. నర్సింగమ్మకు పురుడు కబురే పంపలేదు.

పురుడు నాడు, ఇంటి నిండా చుట్టాలుండగా, నర్సింగమ్మ పిలవకున్నా వచ్చింది. బాలింతకని దంచిన వెల్లుల్లి కారం సీసా చేత పట్టుకుని వాకిట్లో నిలబడింది.

"అక్కా, పిలగాన్ని ఒక్కసారి చూసి పోత."

"పండుకున్నడు."

"దూరంకెళ్లే చూస్త."

అంత మంది ముందు కాదనడం బాగుండదు. నర్సింగమ్మ తలుపు దగ్గర నిలబడి లోపలికి చూసింది, ఒక్క మాట మాట్లాడలేదు, సీసా అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. మాట్లాడకపోవడం గుర్వమ్మకు ఇంకా అనుమానంగా తోచింది. సీసాను చేత్తో ముట్టకుండా బట్టతో పట్టుకుని పెరట్లో పారబోసింది.

తర్వాత పురుడు పని మొదలుపెట్టింది. వాళ్లింట్లో ఒక ఆచారం ఉంది. పురుడు నాడు పిల్లవాడికి ఒళ్లంతా నువ్వుల నూనె పట్టించి, నీళ్లు పోసి, మళ్లీ నూనె రాసి, తాత గొంగట్లో చుట్టి పడుకోబెడతారు. తాత గొంగడి కప్పుకున్న పిల్లవాడికి చలీ జ్వరం అంటవనీ, మంద వాడి మాట వింటుందనీ నమ్మకం. గుర్వమ్మ కొడుకు పరమేష్‌ను అతని తాత గొంగట్లో చుట్టారు. పరమేష్ కొడుకును ఐలేశం గొంగట్లో చుట్టాలి.

ఆ గొంగడి నల్లది, బరువైనది. ఐలేశం తన గొర్రెల ఉన్నితోనే నేయించి, చింతగింజల గంజి పెట్టించుకున్నాడు. అతను బతికి ఉన్నన్నాళ్లూ అది ఎండలో, వానలో, చలిమంట పొగలో అతని భుజం మీదే ఉండేది. దాని దగ్గరికి పురుగు వచ్చింది లేదు. అతను పోయాక మడతపెట్టి ఇనప సందూకులో పెడితే, ఏడాదిలోపే రెండు చోట్ల పురుగు కొట్టింది. ఆ బెజ్జాలు చూసి గుర్వమ్మ, మొగుడిని మళ్లీ ఒకసారి పోగొట్టుకున్నట్టే ఏడ్చింది. ఆ రోజే దేవరకొండ పోయి, పురుగు పట్టకుండా బట్టల్లో వేసే డాంబర్ గోళీలు రెండు పొట్లాలు తెచ్చి, తెల్లటి గోళీలను మడత మడతకూ చల్లింది. అప్పటి నుంచి ప్రతి ఏడూ పాతవి కరిగిపోతే కొత్తవి వేస్తుంది. సందూకు తాళం ఆమె దగ్గరే ఉంటుంది, ఆ ఘాటు పాత గొంగడి వాసనేననుకున్నారు ఇంట్లోవాళ్లు. ఎండలో మాత్రం ఒక్కనాడూ ఆరవేయలేదు. గోళీల ఘాటు కింద ఎక్కడో ఐలేశం వాసన ఇంకా ఉందని ఆమె నమ్మకం. ఎండకు అదీ పోతుందని భయం.

నూనెతో మెరుస్తున్న మనుమడిని ఆ గొంగట్లో మెడదాకా చుట్టి, ఒళ్లో పెట్టుకుని, గుర్వమ్మ మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఇక నర్సింగమ్మ కళ్లు ఏమీ చేయలేవు. ముసురు పట్టి చలిగా ఉందని, మర్నాడూ ఆ మర్నాడూ కూడా అందులోనే పడుకోబెట్టింది.

మూడో రోజు పొద్దున పుష్ప పిల్లవాడి గుడ్డ మార్చబోయి ఆగిపోయింది. గుడ్డ మీద మూత్రం డికాషన్ రంగులో ఉంది. పిల్లవాడి కళ్లు తెరిచి చూస్తే, తెల్లగుడ్డు పచ్చగా ఉంది.

"అత్తా!" అని అరిచిన ఆ అరుపు గుర్వమ్మ ఇంతకు ముందొకసారి విన్నదే.

నల్లగొండ దవాఖానలో పిల్లల వార్డు చూసే డాక్టరు పేరు జేబా. వయసు ముప్పై దాటి ఉండదు. తలకు స్కార్ఫ్, కాళ్లకు స్పోర్ట్స్ బూట్లు, నడక కాదు, అంతా పరుగే. పిల్లవాడిని చూడగానే రక్తం తీయించి, నీలం లైటు కింద పడుకోబెట్టించింది. మధ్యాహ్నానికి రక్తం ఎక్కించారు. మధ్యలో ఊరుకోకుండా ప్రశ్నలు అడిగింది. మొదటి పిల్లవాడికి ఏమైంది, ఎన్ని రోజులకు పచ్చబడ్డాడు, పుష్పకు అన్నదమ్ములు ఉన్నారా.

"ఇద్దరు పుట్టిన్రు మేడం. చిన్నగున్నప్పుడే పోయిన్రు," అంది పుష్ప.

గుర్వమ్మ చప్పున కోడలి వైపు తిరిగింది. పెళ్లి మాటలప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఒక అనుమానానికి తోడు రెండోది దొరికింది.

"పిలగానికి ఏమన్న తాగిపిచ్చిన్రా అవ్వా? పసరు, నాటు మందు, ఏదైనా?" అని జేబా అడిగింది.

"మేమెందుకు తాగిపిస్తం? కండ్లు పెట్టినోళ్లు వేరే ఉన్నరు."

"ఎవరు?"

గుర్వమ్మ నర్సింగమ్మ కథ మొత్తం చెప్పింది, గంట పొట్టేలుతో సహా. జేబా ఓపిగ్గా విని, కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయింది. రాసుకున్నది నర్సింగమ్మ పేరేనని గుర్వమ్మ సంతోషపడింది. కానీ మళ్లీ రక్తం తీయడానికి నర్సు వచ్చేసరికి ఆ సంతోషం పోయింది. ఇంతింత రక్తం తీసి ఏం చేస్తున్నారో ఎవరికి తెలుసు? ఒకటేమో హైదరాబాద్ పంపించారట, రక్తం ఎక్కించక ముందు తీసింది. ఎందుకు పంపాలి?

నాలుగో రోజుకు పిల్లవాడు తేరుకున్నాడు. లైటు తీసేసి, తల్లి పక్కకు ఇచ్చారు. పాలు తాగాడు, కాళ్లు ఆడించాడు. ఆ సాయంత్రం వార్డు తలుపు దగ్గర టిఫిన్ డబ్బాతో నర్సింగమ్మ కనబడింది. లోపలికి రాలేదు. వాచ్‌మన్ చేతికి డబ్బా ఇచ్చి, అద్దంలోంచి ఒక్కసారి చూసి వెళ్లిపోయింది.

గుర్వమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇక్కడికీ వచ్చింది! మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఊరికి పోయింది. సందూకు తెరిచి గొంగడి బయటికి తీసింది. మొత్తం గొంగడిని దవాఖానలోకి రానివ్వరు, నర్సులు మోటు బట్ట ముట్టనివ్వరు. గొర్రెల ఉన్ని కత్తిరించే పెద్ద కత్తెర చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చుంది. ఐలేశం గొంగడికి కత్తెర పెట్టాల్సి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. చివరికి కళ్లు మూసుకుని, అతని భుజం మీద ఆనే చోట జానెడు ముక్క కత్తిరించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకు దోపుకుంది. నల్లగొండ చేరాక, పుష్ప స్నానానికి పోయిన సమయం చూసి, ఆ ముక్కను పిల్లవాడి తల కింద గుడ్డ మడతలో పెట్టింది. వార్డంతా ఫినాయిల్ వాసన. గోళీల వాసన అందులో కలిసిపోయింది.

ఆ మర్నాటి పరీక్షలో పిల్లవాడి రక్తం మళ్లీ తగ్గింది. ఆ పై రోజు ఇంకా తగ్గింది.

ఇప్పుడు జేబాకు అనుమానం వచ్చింది. రిపోర్టులు పట్టుకుని మంచం దగ్గర నిలబడి, ముందు పిల్లవాడిని చూసింది, తర్వాత మనుషులను చూసింది. "నిలబడాల్సిన రక్తం నిలబడ్తలేదు. ఎవరో ఏదో ఇస్తున్నరు," అంది. పుష్పను ఒక్కదాన్నే వరండాలోకి పిలిచి అడిగింది. పరమేష్‌ను వేరుగా అడిగింది. గుర్వమ్మ వంతు వచ్చినప్పుడు, ఆమె దాచి ఉంచిన నర్సింగమ్మ టిఫిన్ డబ్బాను డాక్టరు బల్ల మీద పెట్టింది.

"గిది గుడ హైదరాబాద్ పంపు. అన్ని తెలుస్తయి."

జేబా మూత తీసింది. మూడు రోజుల నాటి జొన్నరొట్టెలు, పచ్చిపులుసు. పులుసు బూజు పట్టి ఉంది. జేబా ముక్కు మూసుకుని మూత పెట్టింది.

"పిలగానికి పండ్లు రాలే అవ్వా. రొట్టె ఎట్ల తింటడు?"

"పుష్ప తింటే పాలల్లకు రాదా?"

"పుష్ప తిన్నదా?"

"నేను తిననిస్తనా?"

"మరి?" అంది జేబా. గుర్వమ్మ డబ్బా తీసుకుని, కోపంగా చెత్తకుండీలో వేసి వచ్చింది.

హైదరాబాద్ రిపోర్టు ఆ మధ్యాహ్నమే వచ్చింది. జేబా ముగ్గురినీ మంచం చుట్టూ కూర్చోబెట్టి, తానూ ఒక స్టూలు లాక్కుంది. ఇంత తీరిగ్గా డాక్టరు కూర్చోవడం గుర్వమ్మ ఎప్పుడూ చూడలేదు. మంచి మాట చెప్పేవాళ్లు నిలబడే చెప్తారు.

"జర మంచిగ వినున్రి. నెత్తురుల ఎర్ర కణాలుంటయి. గాలిని ఒళ్లంత మోసుడే వాటి పని. గాలి, తేమ తగిలితే ఇనుము తుప్పు పట్టినట్టు, గాలి మోసి మోసి కణం గుడ ఖరాబైతది. ఆ తుప్పును ఎప్పటికప్పుడు కడిగే సరుకును తయారు చేయనీకి లోపట ఒక ప్రొటీన్ ఉంటది. మీ పిలగాని దాంట్లె ఆ ప్రొటీన్ బలహీనంగున్నది."

"బలానికి మందు రాయి మేడం," అన్నాడు పరమేష్.

"తింటే వచ్చే బలం కాదు. ప్రొటీన్ ముందు పొడుగు దారం లెక్క తయారైతది. తర్వాత ముడుచుకుని ఒక ఆకారానికి వస్తది. ఆ ఆకారం ఉంటెనే పని చేస్తది. దారం ఎట్ల పేనాల్నో జీన్ల రాసి ఉంటది. ఇంతపెద్ద రాతల మీ పిలగానికి ఒక్క అక్షరం వేరే ఉన్నది. దానితోని ముడి గట్టిగ పడ్తలేదు. తొందరగ ఇప్పుకపోతాంది."

గుర్వమ్మ ముందుకు వంగింది. "ఇప్పుకపోతే ఇంకోటి చేసుకోవద్దా?"

జేబా ఆశ్చర్యంగా చూసింది. "మంచి మాట అడిగినవ్ అవ్వా. ఒంట్ల వేరే కణాలైతే చేసుకుంటయి. రాత వాటి లోపల్నే ఉంటది. ఎప్పుడు ఏది అవసరమో అప్పుడు అంత మటుకే తెరుస్తయి, పనైనంక మూస్తయి. ఎర్ర కణం మాత్రం ఎముకల పుట్టి బయలెల్లేటప్పుడే ఆ రాతను బయట ఇడిసిపెట్టి వస్తది. గాలి మోయనీకి లోపట జాగా కావాలె గద. మూడు నాలుగు నెలలు తిరుగుతది. ఎంట తెచ్చుకున్నదానితోనే బతకాలె. కొత్తది చేసుకుందామంటె రాత లేదు."

గుర్వమ్మకు అర్థమైంది. ఎండాకాలం ఐలేశం మందతో కృష్ణ ఒడ్డుకు పోయేటప్పుడు భుజాన జొన్నపిండి మూట ఉండేది. నెలలకు నెలలు దాంతోనే గడపాలి. పురుగు పట్టిన పిండి మోసుకుపోతే మధ్యలో పస్తే. ఇల్లు దూరం, వెనక్కి రాలేడు. డాక్టరమ్మ చెప్పిన దాంట్లో రవ్వంత అనుమానం లేకుండా నమ్మిన మాట ఇదొక్కటే.

"ఆ ఒక్క అక్షరం ఎవరికెళ్లి వచ్చింది మేడం?" అన్నాడు పరమేష్.

జేబా పుష్ప వైపు చూసింది. "తల్లికెళ్లి. మగపిలగానికి ఈ రాత ఒక్కటే ఉంటది, అది తల్లి ఇచ్చేదే. ఆడోళ్లకు రెండుంటయి. ఒక్కొక్క కణంల రెండిట్ల ఒకదాన్ని మూసేసి ఉంచుతది ఒళ్లు. పుష్పకు కొన్ని కణాలల్ల మంచిది తెరిచున్నది, కొన్నిట్ల గిది తెరిచున్నది. సగం సగం. ఆ మంచి సగమే ఆమెను కాపాడింది. గందుకే ఆమెకు ఎన్నడూ ఏం కాలే. తెల్వను గుడ తెల్వది."

పరమేష్ తల వంచుకున్నాడు. గుర్వమ్మ మాత్రం ఊరుకోలేదు. రెండున్నరేళ్లుగా కడుపులో పెట్టుకున్నదంతా ఒక్కసారి బయటపడింది.

"గట్లనా! ఇద్దరు తమ్ముళ్లను తిన్న రక్తం. అది తెలిసే మీ అమ్మ నోరు మూసుకున్నది. ఆ రక్తమే నా పెద్ద మనుమన్ని గుడ తిన్నది."

పుష్ప పిల్లవాడిని ఆనించుకుని ఉన్న చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"అవ్వా, ఆగు!" జేబా గొంతు పెంచింది. "ఈ రాత ఉన్నోళ్లు మన జిల్లాలనే ఎంతమందో. పొలం దున్నుకుంట, ఆటో నడుపుకుంట నిండు నూరేండ్లు బతుకుతరు. రాత ఉన్నంత మాత్రాన పిలగాడు చావడు. బయటికెళ్లి ఏదో ఒకటి లోపటికి పోయి, ఒక్కసారె కణాలన్నిటికి తుప్పు పట్టియ్యాలె. గప్పుడే పగిలిపోతయి. పసిపిల్లలైతే ఇంకా తొందరగ. అదేందో దొర్కితే మీ పిలగాడు బతుకుతడు. కొన్ని మలేరియా గోలీలు. కొన్ని సల్ఫా మందులు. ఇంకోటి, మా ఇండ్లల్ల, మీ ఇండ్లల్ల అందరి దగ్గర ఉండేది. డాంబర్ గోళీలు. నోట్ల పెట్టాల్సిన పనిలేదు, వాసన పీలిస్తే చాలు. ఆ గోళీలేసిన బట్టల చుడితే తోలుకెళ్లి గుడ ఒంట్లకు పోతది. నూనె రాసిన తోలైతే చెప్పనే వద్దు. బట్టలల్ల ఎక్కడన్న వేసిన్రా?"

"లేవు," అంది గుర్వమ్మ.

అబద్ధం చెప్పాలని ఆమె అనుకోలేదు. నోరు దానంతట అదే ఆ మాట అనేసింది. వార్డులో ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, పక్క మంచం మీద ఎవరి పిల్లో ఏడుస్తూనే ఉంది. ఆమె మాత్రం తన చెవుల్లో తన 'లేవు' అన్న మాటనే వింటూ కూర్చుంది. జేబా ఆమెను కొంచెం ఎక్కువసేపే చూసి, "ఉంటె తీసి పారెయ్యిన్రి. మళ్ల ఇంటికి పోయినంక చూసుకోన్రి," అని లేచి వెళ్లింది.

ఆ వెంటనే గుర్వమ్మ పిల్లవాడి గుడ్డ సర్దుతున్నట్టు వంగి, తల కింది ముక్కను లాగి గుప్పెట్లో దాచుకుంది. బాత్రూంలోకి పోయి కవర్లో చుట్టి, నడుముకు దోపుకుంది. పారేయడానికి చెయ్యి రాలేదు. చేతులను సబ్బుతో అరగంట కడిగింది.

ఆ మర్నాడు రక్తం తగ్గలేదు. ఆ పై రోజు కొంచెం పెరిగింది. గుర్వమ్మ లెక్క వేసుకోవాల్సిన పని కూడా లేకపోయింది. ముక్క పెట్టిన రోజు నుంచి దిగింది, తీసిన రోజు నుంచి నిలబడింది. మొదటి మనుమడి పురుడు గుర్తొచ్చింది. ఆ రోజు కూడా ముసురే. వాడినీ చుట్టింది. పచ్చబడ్డాక, దిష్టి తగిలిందని ఇంకా గట్టిగా చుట్టింది. దవాఖానకు పోయే దారిలో కూడా వాడు ఆ గొంగట్లోనే ఉన్నాడు. ఊపిరి ఆగే దాకా తన చేతులతో తనే చుట్టి పట్టుకుంది.

అయినా నోరు తెరవలేదు. ఎందుకు తెరవాలి? పిల్లవాడు బాగవుతున్నాడు. గొంగడిని పోయి ఏ బాయిలోనో పడేస్తే ఎవరికీ తెలియదు. పరమేష్ ఫోన్లో ఎవరితోనో "మా దాని రక్తంల ఉన్నదంట" అనడం విన్నది. రెండు రోజుల కిందైతే ఆ మాటకు కడుపు చల్లబడేది. ఇప్పుడు చల్లబడలేదు. అయినా ఊరుకుంది. మనిషి తన మీద తనకు అనుమానం లేకుండా అరవై ఏళ్లు బతికాక, ఒక్క పూటలో దాన్ని ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు.

మూడో రోజు మధ్యాహ్నం పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పుష్ప మంచం చివర, వాడికి వీపు పెట్టి కూర్చుంది. పాలు చేపుకొచ్చి రవిక తడిసింది. అయినా ఎత్తుకోవడం లేదు.

"పాలియ్యి పిల్లా, ఏడుస్తుండు గద," అంది గుర్వమ్మ.

"ఇయ్య."

"ఏమైంది?"

"నా రక్తంలనే ఉన్నది గద అత్తా. పాలు గుడ నా రక్తమే. పొద్దటికెళ్లి ఇస్తలేను. నర్సుతోని డబ్బా పాలు తెమ్మని చెప్పిన." పుష్ప గొంతు చాలా మామూలుగా ఉంది, ఏడ్చి ఏడ్చి అయిపోయిన గొంతు. "పెద్దోనికి పదిహేను దినాలు నేనే ఇచ్చిన. కడుపు నిండ ఇచ్చిన. వీన్ని బతకనియ్యి. నన్ను మా అమ్మగారింటికి పంపున్రి."

పిల్లవాడి ఏడుపు కీచుగా సన్నబడింది. గుర్వమ్మ ఆ ఏడుపు విన్నది, కోడలి తడిసిన రవిక చూసింది. ఇంక ఆగలేకపోయింది.

"నీ పాలల్ల ఏం లేదు."

పుష్ప తిరగలేదు.

"నీ పాలల్ల ఏం లేదంటున్న. ఇటు తిరుగు." గుర్వమ్మ నడుము నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, ముడి విప్పి, పుష్ప చేతిలో పెట్టింది. "వాసన చూడు."

పుష్ప చూసింది. తల ఎత్తి అత్త ముఖంలోకి చూసింది. మళ్లీ ఆ నల్లటి ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది మామ గొంగడి."

"ఔ. గోళీలు నేనే ఏసిన. పురుగు కొట్టొద్దని."

"ఇక్కడికెట్లొచ్చింది?"

"నేనే తెచ్చిన. వాని తల కింద పెట్టిన. నర్సింగి కండ్లు తగులుతయని. డాక్టరమ్మ అడిగితే లేవన్న."

పుష్ప ముక్కను కవర్లో పెట్టి, ముడి వేసి, దూరంగా కిటికీ మీద పెట్టింది. చేతులు కడుక్కుని వచ్చింది. అప్పుడు అడిగింది.

"పెద్దోనికి గుడ ఇదేనా?"

"ఇదే."

"ఎన్ని దినాలు?"

"పురుటికెళ్లి... ఆఖరి దాక."

పుష్ప తిట్టలేదు. జుట్టు పీక్కోలేదు. గుర్వమ్మ దెబ్బ పడుతుందని ఎదురుచూసింది, పడితే బాగుండునని కూడా అనుకుంది. పుష్ప పిల్లవాడిని ఎత్తుకుని, గోడ వైపు తిరిగి, రొమ్ము ఇచ్చింది. ఏడుపు ఆగింది. పిల్లవాడు గుటకలు వేస్తున్న చప్పుడు, దాని వెనక పుష్ప వెక్కిళ్ల చప్పుడు, రెండూ వినబడ్డాయి. గుర్వమ్మ లేచి, కిటికీ మీది కవరు తీసుకుని, జేబా గదికి నడిచింది. అక్కడ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. గంట పొట్టేలు సంగతి మాత్రం ఈసారి చెప్పలేదు.

వారానికి పిల్లవాడితో ఊరికి వచ్చారు. జేబా ఒక కార్డు రాసి ఇచ్చింది, ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు అది చూపించాలని. ఇంటికి రాగానే గుర్వమ్మ సందూకును వాకిట్లోకి ఈడ్చి, గోళీలన్నీ ఏరి, ఊరి బయట గుంత తీసి పాతిపెట్టింది. గొంగడిని దూరంగా దొడ్డి కంచె మీద ఎండలో పరిచింది. భుజం దగ్గర జానెడు ముక్క లేకుండా అది నెలంతా ఎండింది. ఐలేశం వాసన ఎప్పుడు పోయిందో ఆమె దగ్గరికి పోయి చూడలేదు.

ఊరికి వచ్చిన మర్నాడు గుర్వమ్మ నర్సింగమ్మ వాకిట్లోకి పోయింది. నర్సింగమ్మ చెరిగే చాట పక్కన పెట్టి లేచి నిలబడింది. గుర్వమ్మ అడ్డదిడ్డంగా, ముందుది వెనకా వెనకది ముందూ చెప్పింది. అంతా విన్నాక నర్సింగమ్మ మళ్లీ కూర్చుంది.

"రెండున్నరేండ్ల సంది నేను ఎవ్వల పిలగాన్ని ఎత్తుకోలే అక్కా. నా బిడ్డకు బిడ్డ పుడితే గుడ దూరంకెళ్లే చూసొచ్చిన. నువ్వు అనంగ అనంగ నాకే నా కండ్ల మీద అనుమానమొచ్చింది."

"ఇంటికి రా. వాన్ని ఎత్తుకో," అంది గుర్వమ్మ. నర్సింగమ్మ ఆ రోజు రాలేదు. పది రోజులకు వచ్చింది. పుష్పే పిల్లవాడిని తెచ్చి ఆమె ఒళ్లో వేసింది. చేతులు కడుక్కున్నావా అని కూడా అడగలేదు.

గుర్వమ్మకు మాత్రం అంత సులువుగా ఇవ్వలేదు. ఇంటికి వచ్చిన నాలుగో రోజు, "జర ఇటియ్యి, నువ్వు తిను," అని గుర్వమ్మ చేతులు చాచినప్పుడు, పుష్ప ఆగింది. అత్త దగ్గరికి వచ్చి, ఆమె కొంగు చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. రెండు అరచేతులూ చూసింది. ఆ తర్వాత పిల్లవాడిని ఇచ్చింది. ఆ సాయంత్రం మళ్లీ చూసింది. మర్నాడూ చూసింది.

పరమేష్ ఒకసారి చూసి, "ఏందే అది, మా అమ్మను గట్ల?" అన్నాడు.

"నువ్వూకో," అంది గుర్వమ్మ.

పిల్లవాడికి ఇప్పుడు రెండేళ్లు. గొర్రెపిల్లల వెంట పరుగెత్తుతాడు, పడతాడు, లేస్తాడు. పుష్ప వాసన చూడడం ఎప్పుడో మానేసింది. గుర్వమ్మే మానలేదు. మనుమడు చేతులు చాచుకుని వచ్చినప్పుడల్లా, ముందు తన కొంగు తనే ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. అప్పుడు గానీ వాడిని ఎత్తుకోదు.